బుగ్గల వీధికి గ్యాస్ టార్చి వచ్చిన కథ

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా ఊకొడుతూ కథలు వినే వయసులో ఉన్నప్పుడు, మువ్వలపురం అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యంలో ఏనుగులు మాట్లాడేవి. రాజులు వినేవారు. అంగట్లో గ్యాస్ టార్చీలు దొరికేవి. రాజుల కాలంలో గ్యాస్ ఎక్కడిదని ఎవరైనా అడిగారనుకోండి, ఏనుగు మాట్లాడినప్పుడు అడగనివాళ్ళు ఇప్పుడెందుకు అడుగుతున్నారని మీరు అడగండి.

ఆ ఊళ్ళో కంసాలులు ఉండే వీధి పేరు బుగ్గల వీధి. ఆ పేరు ఊరికే రాలేదు.

కంసాలి రెండు ముక్కలు కలపాలంటే మాటు వెయ్యాలి. మాటంటే మరేం లేదు, ఆ రెండింటి మధ్యా తొందరగా కరిగే ఇంకో లోహం ముక్క పెట్టి, దాన్ని కరిగించి అతికించడం. కరగాలంటే గట్టి మంట కావాలి. అందుకని దీపం ముందు కూర్చుని, ఊదుగొట్టం నోట పెట్టుకుని, మంటని పని మీదికి సన్నగా, ఆపకుండా ఊదాలి. ఊపిరి ఆగితే మంట ఆగుతుంది. మంట ఆగితే మాటు చెడుతుంది. తరతరాలుగా అలా ఊది ఊది ఆ వీధివాళ్ళ బుగ్గలు నూనెలో వేసిన పూరీల్లా పొంగిపోయాయి.

పెళ్ళి చూపులకి వచ్చినవాళ్ళు జాతకం తరువాత చూసేవారు. ముందు, "నాయనా, ఒక్కసారి బుగ్గ పొంగించు" అనేవారు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. వంద అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి తెగకుండా ఊదినవాళ్ళే పని పీట ఎక్కాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒక ఇంటివాళ్ళు వేసిన అతుకు మీద ఇంకో ఇంటివాళ్ళు ఊదకూడదు.

వీధి మొదట్లో ఇల్లు మౌనాచారిది. పేరులోనే మౌనం. నోట్లో ఊదుగొట్టం లేనప్పుడల్లా మాటలే. ఒకప్పుడు వంద కాదు, నూట యాభై దాకా ఊదిన మొనగాడు. ఇప్పుడు డెబ్బై ఏళ్ళు దాటాయి. ఇరవై లెక్కపెట్టేసరికి ఆయాసం. వైద్యుడు నాడి పట్టుకుని చూసి, "ఆచారిగారూ, ఇకమీదట వేడిపాలు కూడా ఊదుకుని తాగొద్దు. చల్లారాక తాగండి" అని చెప్పి వెళ్ళాడు.

కొడుకు లేడా అంటే ఉన్నాడు, ఓంకారం. మంచి నిండు బుగ్గలు. కానీ ఆ బుగ్గల్ని తీసుకెళ్ళి సన్నాయికి ఇచ్చేశాడు. మేళంతో ఊళ్ళు తిరుగుతుంటాడు. "మా ఇంట్లో మిగిలిన ఒక్క మంచి బుగ్గల జతా పెళ్ళిళ్ళ పాలైంది" అని మౌనాచారి కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఇంట్లో ఉన్నది కోడలు వరాలు. మనిషి చువ్వలా ఉంటుంది. బుగ్గలు లోపలికి ఉంటాయి. కాపురానికి వచ్చిన రోజున వీధి వీధంతా జాలిపడింది. అయితే పన్నెండేళ్ళుగా ఆవిడ మామగారి పక్కనే కూర్చుని వెలిగారం నూరేది. అతుకు దగ్గర మసి పట్టకుండా పూసే తెల్లటి పొడే వెలిగారం. మాటు ముక్కల్ని జొన్నగింజలంత కత్తిరించేది. శ్రావణంతో, అంటే చిన్న పట్టకారుతో, మువ్వని కదలకుండా పట్టుకునేది. ఏ రంగు వచ్చేదాకా కాల్చాలో, ఏ రంగు దగ్గర ఆపాలో ఆవిడ కళ్ళకి తెలుసు. పీట మాత్రం ఎక్కలేదు. ఆ బుగ్గలతో ఎవరు ఎక్కనిస్తారు?

ఇలా ఉండగా ఒకనాటి పొద్దున రాజుగారి పట్టపుటేనుగు బుజ్జమ్మ అటుగా వస్తూ, మెడ దురద పుట్టి, వీధి మొదట్లో ఉన్న రాతిస్తంభానికి రుద్దుకుంది. టప్పుమంది. మెడలో ఉన్న ఇత్తడి పట్టీ అతుకు దగ్గర విడిపోయింది. దానికి వేలాడే ఇరవై ఒక్క మువ్వల్లో మూడు ఊడి దొర్లుకుంటూ పోయాయి. పట్టీ కిందపడింది.

బుజ్జమ్మ మెడ ఊపింది. చప్పుడు లేదు. మళ్ళీ ఊపింది. లేదు.

"నేను నడుస్తున్నట్టు నాకే తెలియడం లేదు" అని, బుగ్గల వీధికి అడ్డంగా చతికిలబడింది.

మావటి బతిమాలాడు. చెరుకుగడలు తెచ్చాడు. తింది. అరటిగెల తెచ్చాడు. అదీ తింది.

"మరి లేవమ్మా!" అన్నాడు మావటి.

"తినడానికి మువ్వలక్కర్లేదు నాయనా. నడవడానికి కావాలి" అంది బుజ్జమ్మ.

వీధిలోకి పోయేవాళ్ళు పోలేరు. వచ్చేవాళ్ళు రాలేరు. పాలవాడు చెంబుని ఏనుగు మీదుగా అందించాడు. కబురు విని రాజుగారు పల్లకీలో వచ్చారు. పల్లకీ పట్టలేదు. దిగి, ఏనుగుకీ గోడకీ మధ్యన పక్కకి తిరిగి దూరి వచ్చేసరికి, పట్టు శాలువకి గోడ సున్నమంతా అంటుకుంది.

"మౌనాచారీ! ఈ పట్టీ మీ ఇంటిదే కదా?" అన్నారు రాజుగారు, భుజం దులుపుకుంటూ.

"మా ఇంటిదే మహారాజా! మా నాన్నగారు చేసింది. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ ఏడు వానలు..."

"వానల సంగతి తరువాత. ముందు ఊది అతికించు."

మౌనాచారి ఊదుగొట్టం అందుకున్నాడు. ఊదాడు. వీధంతా లెక్కపెట్టింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై... దగ్గు ముంచుకొచ్చింది. ఊదుగొట్టం చేతిలోంచి జారింది.

రాజుగారు మంచివారే. ముఖం చిన్నబుచ్చుకున్నారు. "నాలుగోనాడు పొద్దున వసంతోత్సవం ఊరేగింపు. బుజ్జమ్మ లేకుండా ఊరేగింపు కదలదు. మూడు రోజులు గడువిస్తున్నాను. మూడో రోజు పొద్దు వాలేలోగా బుజ్జమ్మ లేచి నడవాలి. లేకపోతే ఆ పీట ఖాళీ చెయ్యి. ఊదగలిగినవాణ్ణి తెచ్చి కూర్చోబెడతాను. నాకూ మనసొప్పదు ఆచారీ. కానీ ఊరికి కంసాలి కావాలి కదా."

రాజుగారు మళ్ళీ పక్కకి తిరిగి వెళ్ళిపోయారు. శాలువ రెండోవైపు కూడా తెల్లబడింది.

ఆ పీట మౌనాచారి నాన్నది. అంతకుముందు తాతది. మౌనాచారి దాని పక్కన నేలమీద కూర్చుండిపోయాడు.

"మావయ్యా," అంది వరాలు, మజ్జిగ అందిస్తూ. "అంగట్లోకి గ్యాస్ టార్చీలు వచ్చాయట. వాటితో మాటు వెయ్యొచ్చట."

"పట్టపగలు టార్చిలైటెందుకే అమ్మాయీ? నాకు చూపు బాగానే ఉంది. ఊపిరే లేదు."

"వెలుగిచ్చే టార్చి కాదు మావయ్యా, మంటనిచ్చే టార్చి. డబ్బాలో గ్యాస్ ఉంటుంది. మీట నొక్కితే మంట బుస్సుమని దానంతటదే వస్తుంది. ఎవరూ ఊదక్కర్లేదు."

"ఎవరూ ఊదకుండా ఎలా వస్తుందే? లోపల ఎవర్నయినా కూర్చోబెట్టారా?"

అన్నాడే గాని, చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

మొదటి రోజు. గురవయ్య శెట్టి అంగడి. అరల నిండా టార్చీలు. పొడుగువి, పొట్టివి, ఎర్రవి, పచ్చవి.

"రండి రండి ఆచారిగారూ! ఎలాంటిది కావాలి?"

"బాగా ఊదేది."

"ఎంత బాగా?"

"మా నాన్న ఊదినంత."

శెట్టి గోనెసంచి పక్కకి లాగి, మోచెయ్యంత మూతి ఉన్న టార్చి ఒకటి తీశాడు. "ఇంతకంటే గట్టిగా ఊదేది లేదండి. దీన్ని తారు కాచేవాళ్ళు పట్టుకెళతారు."

"తారుకే ఇంత ఊదితే, రాజుగారి మువ్వకి ఎంత ఊదాలి? ఇదే ఇచ్చెయ్!"

ఇంటికి తెచ్చాడు. చుట్టూ జనం. వీధి పెద్ద బసవాచారి కూడా వచ్చాడు. ఆ వీధిలో అందరికంటే పెద్ద బుగ్గలు ఆయనవే. ఆ బుగ్గల మధ్యన ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి.

"మావయ్యా, ఏనుగు మువ్వ మీద వద్దు. ముందు నా పాత మెట్టె మీద చూడండి" అని వరాలు విరిగిన మెట్టె ఒకటి తెచ్చి ఇటుక మీద పెట్టింది.

మీట నొక్కాడు. అబ్బో! మంటా అది? సింహం ఆవలించినట్టు వచ్చింది. పక్కింటి మేడ మీది వడియాలు ఎగిరిపోయాయి. పిల్లి గోడ దూకింది. ఒక్క క్షణం. మంట ఆపి చూస్తే మెట్టె లేదు. ఇటుక మీద బఠాణీ గింజంత వెండి ముద్ద గుండ్రంగా కూర్చుని ఉంది.

మౌనాచారి మీసం చూస్తే కుడివైపుది ఉంది. ఎడమవైపుది లేదు.

వీధి మొదట్లోంచి బుజ్జమ్మ తొండం ఎత్తి వాసన చూసింది. "ఎవరిదో మీసం వేగినట్టుందే!" అని నవ్వింది. ఆ నవ్వుకి ఇళ్ళలో గిన్నెలు అదిరాయి.

రెండో రోజు. మౌనాచారి తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని అంగడికి వెళ్ళాడు.

"శెట్టీ, గొంతు లేనిది ఇవ్వు. ఒద్దికైనది. చిన్నది."

"మరి ఇదుగోండి. దీన్ని ముక్కుపుడకలు చేసేవాళ్ళు పట్టుకెళతారు."

అది కలమంత ఉంది. మీట నొక్కితే సూదిమొనంత నీలిమంట. సన్నటి తీగచుట్ట మీద పెట్టి చూస్తే, ఇలా అనేలోగా మాటు కరిగి అతుక్కుంది. గీత కూడా కనబడలేదు. మౌనాచారి ఎగిరి గంతేశాడు.

"ఆగండి మావయ్యా. మెడపట్టీ మందం మీద కూడా చూడండి" అని వరాలు పాత ఇత్తడి చెంబు పగిలిన అంచు ఒకటి తెచ్చింది. అదీ పట్టీ అంత మందం.

మంట పెట్టాడు. వెలిగారం కాస్త పొంగింది. తెల్లగా అలాగే ఉండిపోయింది. అతుకు దగ్గర పోసిన వేడినంతా ఇత్తడి మందం తాగేసింది. మాటు ముక్క అలిగిన పిల్లలా ముడుచుకుని కూర్చుంది, కరగలేదు. మీట నొక్కి పట్టుకోవాలి కదా, మౌనాచారి బొటనవేలు కొయ్యబారింది. గ్యాస్ మూడుసార్లు నింపారు. మధ్యాహ్నం అయింది. సాయంత్రం అయింది.

"ఆచారిగారూ," అంది బుజ్జమ్మ అక్కణ్ణుంచే, "ఆ మంటతో నా చెవి మీది దోమ కూడా లేవదు."

బసవాచారి బుగ్గలు నిమురుకున్నాడు. "అన్నా, బుగ్గ చేసే పని డబ్బా చేస్తుందా? ఊరికే పరువు తీసుకోకు. పీట ఒదిలెయ్."

జనం వెళ్ళిపోయారు. మౌనాచారి పీటని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. కాళ్ళ సందుల్లో, అంచుల్లో, వేలు పెట్టి మరీ తుడిచాడు.

"ఇప్పుడెందుకు మావయ్యా?"

"ఎవరు కూర్చుంటారో ఏమో. ఆచారి మురికి పీట ఇచ్చాడని అనుకోకూడదు కదే." తుడుస్తూనే అన్నాడు, "ఆ శెట్టి రెండుసార్లూ మోసం చేశాడు."

"మోసం ఎక్కడుంది మావయ్యా? గట్టిగా ఊదేది అడిగారు, ఇచ్చాడు. చిన్నది అడిగారు, ఇచ్చాడు. మన చేతిలో ఉన్న పని ఏమిటో ఆయనకి మీరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. రేపు నేను వెళతాను."

మూడో రోజు. వరాలు బుట్ట చంకన పెట్టుకుని అంగడికి వెళ్ళింది.

"రా తల్లీ! ఇవాళ ఎలాంటిది? పెద్దదా, చిన్నదా?"

"నాకు తెలియదు శెట్టిగారూ. వీటిని అడగండి" అని బుట్ట అరుగు మీద బోర్లించింది. ఇటుక ముక్క. చెంబు అంచు. మువ్వ కొక్కెమంత సన్నటి తీగచుట్టలు. వెలిగారం. మాటు ముక్కలు. శ్రావణం.

"ఇంత మందానికి ఇంత సన్నాన్ని అతకాలి. మందం కాగాలి, సన్నం కరిగిపోకూడదు. ఇక్కడే అతికించి చూస్తాను. ఏది అతికిస్తే అది పట్టుకెళతాను."

శెట్టి కళ్ళు పెద్దవయ్యాయి. తలపాగా సర్దుకున్నాడు. పక్కన నీళ్ళ బాల్చీ పెట్టించి, టార్చీలు ఒక్కొక్కటే తెచ్చి అరుగు మీద పెళ్ళికొడుకుల్లా వరసగా నిలబెట్టాడు.

"మొట్టమొదట తల వంచమనండి" అంది వరాలు. పని కింద ఉంటుంది, మంట పైనుంచి రావాలి కదా మరి. వెలిగించి ఒక్కొక్కదాన్నీ కిందికి వంచింది. ఎర్రది వంచగానే దగ్గి ఆరిపోయింది. బంగారు రంగు పూసినది పచ్చమంట కక్కి, ఉమ్మినట్టు చిటపటలాడింది.

"అయ్యో, అది చాలామంది ఇష్టపడతారమ్మా" అన్నాడు శెట్టి.

"నిటారుగా పట్టుకుని చూస్తే బాగానే ఉంటుందిలెండి. తరువాత, తగ్గమనండి."

మీట తిప్పింది. పొడుగ్గా ఉన్నది తగ్గలేదు. మండితే నిండుగా మండుతుంది, లేకపోతే లేదు. పచ్చది మాత్రం సూదంత నుంచి అరచెయ్యంత దాకా, అరచెయ్యంత నుంచి సూదంత దాకా చెప్పినట్టు విన్నది. ఇంకో పొట్టిది, బూడిదరంగుది, అదీ విన్నది.

"ఇప్పుడు తమంతట తాము నిలబడమనండి. నాకున్నవి రెండే చేతులు. ఒక్కోసారి రెండూ పనికి కావాలి. పక్కన పెడితే పడకూడదు. వేలు తీసినా మంట నిలవాలి."

పచ్చది వేలు తియ్యగానే ఆరింది. పైగా తూలి పడబోతే శెట్టే పట్టుకున్నాడు. బూడిదరంగు పొట్టిది వెడల్పు పాదం మీద, చిన్న తాళం నొక్కితే, వేలు తీసినా వెలుగుతూ కూర్చుంది.

వరాలు దాంతో అక్కడే మాటు వేసింది. ముందు మంట వెడల్పు చేసి మందాన్ని చుట్టూ తిప్పుతూ కాచింది. మాటు వేడి ఎటుంటే అటు పరుగెత్తుతుంది. అందుకని మందం ఎర్రబారేదాకా తీగ వైపు వెళ్ళలేదు. తరువాత మంట సన్నం చేసి అతుకు మీదికి తెచ్చింది. మాటు కరిగి వెన్నలా పాకింది. చల్లార్చి శ్రావణంతో లాగి చూసింది. ఊడలేదు.

"అమ్మా," అన్నాడు గురవయ్య శెట్టి, "ఎన్నో ఏళ్ళుగా ఈ అంగడి నడుపుతున్నాను. ఏది పెద్దది, ఏది అందంగా ఉంది, పక్కింటివాళ్ళు ఏది కొన్నారు, ఇవే ప్రశ్నలు. పనిని చంకలో పెట్టుకొచ్చిన మనిషిని ఇవాళే చూశాను. గ్యాస్ ఆరుబయట నింపు. అప్పుడు దగ్గర్లో మంట ఉండకూడదు. నింపాక కాసేపు ఆగి వెలిగించు. ఆ పాతవి రెండూ తెచ్చేస్తే వెనక్కి తీసుకుంటాను. మీసం మాత్రం నేను తిరిగి ఇవ్వలేను."

పిల్లలూ, ఆ మాట మీరూ గుర్తుపెట్టుకోండి. గ్యాస్ మాట, మీసం మాట కాదు. అలాంటి టార్చి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

వరాలు ఇంటికి వచ్చేసరికి పొద్దు పడమటికి తిరిగింది. వీధంతా నిండిపోయింది. రాజుగారు వచ్చి, ఈసారి గోడకి తగలకుండా, మౌనాచారి అరుగు మీద కూర్చున్నారు.

మౌనాచారి పీట ఎక్కాడు. పట్టీ రెండు కొసలూ కలిపి, వెలిగారం పూసి, మాటు ముక్క పెట్టి, టార్చి వెలిగించాడు. చక్కటి నీలిమంట. పట్టీ వేడెక్కింది. వెలిగారం నురగలా పొంగి, అణిగి, అద్దంలా మెరిసింది. ఇక మంట సన్నం చేసి అతుకు మీదికి తేవాలి. తెచ్చాడు. అంతా ఊపిరి బిగబట్టారు.

మౌనాచారి బుగ్గలు పొంగాయి.

"ఫూ!"

మంట ఆరిపోయింది.

వీధి గొల్లుమంది. "ఊదకండి మావయ్యా, అది ఊదుకుంటుంది" అంది వరాలు. మళ్ళీ వెలిగించాడు. పెదాలు బిగించాడు. వెలిగారం మెరిసింది. "ఫూ!" మూడోసారి తుండుగుడ్డ నోటికి కట్టుకున్నాడు. సరిగ్గా సమయానికి గుడ్డ ఎగిరింది. "ఫూ!"

ఇప్పుడెవరూ నవ్వలేదు. ఎండ కోటగోడ మీదికి ఎక్కేసింది.

మౌనాచారి టార్చి పక్కన పెట్టాడు. "నా చేతులు నా మాట వింటాయి మహారాజా. ఈ బుగ్గలే వినవు. అరవై ఏళ్ళుగా ఆ రంగు కనబడితే ఊదాయి. ఇప్పుడు మానమంటే మానవు." అని పీట దిగాడు. "అమ్మాయీ, నువ్వు కూర్చో."

"నేనా మావయ్యా?"

"ఆగండాగండి!" బసవాచారి ముందుకొచ్చాడు. "వంద లెక్క ఊదనివాళ్ళు పీట ఎక్కడమా? అన్నా, ఆ అమ్మాయి బుగ్గలు చూశావా?"

"చూశాను తమ్ముడూ, పన్నెండేళ్ళుగా చూస్తున్నాను" అన్నాడు మౌనాచారి. "చూడాల్సింది అవి కాదని ఇవాళ తెలిసింది. ఈ టార్చి తన ఊపిరి తనే తెచ్చుకుంది. వంద కాదు, వెయ్యి లెక్కైనా ఊదుతుంది. దానికి లేనివి రెండే. రంగు తెలిసిన కన్ను, తొణకని చెయ్యి. ఆ రెండూ ఈ ఇంట్లో ఈవిడకే ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ప్రతి మాటుకీ ఎక్కడ ఎంత ముక్క పెట్టాలో చూసి పెట్టింది ఈవిడే. పేరు నాకొచ్చింది. ఇది నేను ముందే చెప్పాల్సింది."

బసవాచారి ఇంకా ఏదో అనబోయాడు. బుజ్జమ్మ తొండం చాచి ఆయన భుజం మీద మెల్లగా తట్టింది.

"ఏవండీ, రేపు నా మెడలో మోగాల్సింది మువ్వలా, మీ బుగ్గలా?"

రాజుగారు పకపకా నవ్వారు. "కూర్చో అమ్మా!" అన్నారు.

వరాలు కొంగు బిగించి, జుట్టు ముడిచి, పీట ఎక్కింది. మంట వెడల్పు చేసి పట్టీ చుట్టూ తిప్పింది. వెలిగారం పొంగింది. అణిగింది. మెరిసింది. సరిగ్గా అప్పుడు భుజం వెనక నుంచి...

"ఫూ!"

మంట ఆరిపోయింది.

"మావయ్యా!"

"నేను కాదే! బుగ్గలు!"

వరాలు లేచి వంటింట్లోకి వెళ్ళి సున్నుండ ఒకటి తెచ్చింది. మామూలు సున్నుండ కాదు, బత్తాయంత. "నోరు తెరవండి" అని మొత్తం పెట్టేసింది. మౌనాచారి బుగ్గలు రెండూ బంతుల్లా పొంగాయి.

"ఇన్నాళ్ళకి అన్న బుగ్గలు నిండాయి!" అన్నాడు బసవాచారి. ఆయన కూడా నవ్వేశాడు.

ఇప్పుడు ఊదడానికి లేదు. మాట్లాడడానికీ లేదు. మౌనాచారి జీవితంలో మొదటిసారి పేరు నిలబెట్టుకున్నాడు. మంట పట్టీని చుట్టింది.

"ఊఁహూఁ" అన్నాడు. ఇంకా కాదని.

ఇత్తడి నల్లబడింది.

"ఊఁహూఁ."

ఎరుపు తిరిగింది. వెలిగారం అద్దమైంది. వరాలు అప్పటికే మంట సన్నం చేసి అతుకు మీదికి తెచ్చింది.

"ఊఁ!" అన్నాడు మౌనాచారి, తను చెప్పేలోపే ఆవిడ చెయ్యి కదలడం చూసి, చెమర్చిన కళ్ళతో. "ఊఁ! ఊఁ!"

మాటు పరుగెత్తింది. పట్టీ కలిసింది. తరువాత మొదటి మువ్వ. రెండో మువ్వ. ఈ రెండింటికీ కూడా ఆయన ఊఁ అన్నాడు. మూడో మువ్వకి మాత్రం ఏమీ అనలేదు. సున్నుండ నములుతూ హాయిగా చూస్తూ కూర్చున్నాడు.

పట్టీ చల్లార్చి, తోమి, కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేసి చూశారు. చెక్కుచెదరలేదు. మావటి నిచ్చెన వేసి బుజ్జమ్మ మెడలో వేశాడు. ఎండ కోటగోడ చివరి రాయి మీద ఉంది. వీధి మొత్తం చెవులు రిక్కించింది.

బుజ్జమ్మ మెల్లగా మెడ ఊపింది.

ఘల్లుమన్నాయి. ఒకటి కాదు, ఇరవై ఒకటీ.

"ఇదిగో, ఇప్పుడు నేనున్నాను" అని బుజ్జమ్మ లేచింది. మూడు రోజుల దుమ్ము దులిపి, ఘల్లుఘల్లుమంటూ నడిచింది. పాలవాడు చెంబు నెత్తిన పెట్టుకుని వెనకాలే గంతులేశాడు. జనమంతా కేరింతలు.

రాజుగారు లేచారు. "ఆచారీ, పీట మీ ఇంట్లోనే ఉంటుంది. దాని మీద మీ కోడలు ఉంటుంది. వంద లెక్క ఊదే పరీక్ష ఈ రోజుతో సరి. ఇకమీదట పీట ఎక్కేవాళ్ళు మంట రంగు చెప్పాలి."

మౌనాచారి సున్నుండ ఆఖరి ముద్ద మింగి, "మహారాజా, ఆ వానల సంగతి ఇప్పుడు చెప్పనా?" అన్నాడు. చెప్పాడు కూడా. రాజుగారు పాపం మొత్తం విన్నారు.

ఊరేగింపు మర్నాడు దివ్యంగా జరిగింది. అది అయ్యాక నాలుగు రోజులకి, వీధిలో ఎవరూ లేని వేళ చూసి, బసవాచారి వచ్చి వరాలి గడప దగ్గర నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు.

"అమ్మా వరాలూ, నాకూ ఒక టార్చి ఎంచి పెడతావా? నీ దానికంటే కాస్త పెద్దదైతే బాగుంటుంది. వీధి పెద్దని కదా."

వరాలు నవ్వి, బుట్ట తీసి ఆయన చేతికిచ్చింది.

"అలాగే చినమావయ్యగారూ. ఇంతకీ ఏ పనికి?"

బసవాచారి బుట్టలోకి చూశాడు. ఖాళీగా ఉంది. బుట్ట చంకన పెట్టుకుని, తన పని తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళాడు.

బుజ్జమ్మ కోటకి, కథ మీ ఇంటికి.

పనిముట్టు పెద్దదా చిన్నదా అని చూసి కొనకూడదు, మనిషిని బుగ్గలు చూసి ఎంచకూడదు. చెయ్యాల్సిన పనిని ముందు పెట్టి చూస్తే, ఏది తగినదో, ఎవరు తగినవారో ఆ పనే చెబుతుంది.